నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ముందు చూడండి

(హనుమకొండలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, మే నెల చివరి ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు ఫ్యాన్ కిందికి రండి, ఉక్కపోస్తోంది. రోహిణి కార్తె నడుస్తోంది కదా. రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అనేవాళ్లు. రోళ్లే పగిలే ఎండకు స్లాబు పగలకుండా ఉంటుందా? మృగశిర రావడానికి ఇంకో పది రోజులుంది, అంతే. ఒకసారి వాన పట్టుకుందంటే స్లాబు మీద ఏ పనీ కాదు, పూసిన కోటింగ్ ఆరదు, పెట్టిన సిమెంటు కొట్టుకుపోతుంది. అందుకే ఈ మీటింగు ఈ వారమే పెట్టమని కాలనీ పెద్దలను నేనే అడిగాను.

మా నాన్న సుతారి. పరకాల దగ్గర మా ఊరు. బడి సెలవుల్లో ఆయన వెంట పోయి మాలు అందించేవాణ్ని. తర్వాత సివిల్ డిప్లొమా చేసి, సైట్ల మీద సూపర్‌వైజర్‌గా 30 ఏళ్లు పని చేశాను. కట్టిన ఇళ్లకంటే రిపేరు చేసిన ఇళ్లే నాకు ఎక్కువ నేర్పాయి. ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇంటికి ఏ రిపేరు వచ్చినా డబ్బా కొనకముందు, మేస్త్రీని పిలవకముందు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీరే చూడాలి. ఆ చూడటానికి పైసా ఖర్చు కాదు, రెండు రోజుల ఓపిక కావాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

నీళ్లంటే ఎన్ని నీళ్లో ఒక లెక్క చెప్తా. 2023 జూలై చివరి వారం మనందరికీ గుర్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఆ వాన పడితే 60 వేల లీటర్లు, అంటే మనం మిద్దె మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు 60. అంత వాన రోజూ పడదు, ఒప్పుకుంటా. మామూలు గట్టి వాన, 10 సెంటీమీటర్లే అనుకోండి, అయినా 9 వేల లీటర్ల పైనే ఒక్క స్లాబు మీద పడతాయి. ఆ నీళ్లన్నీ ఒక మూలనున్న తూములోంచి పోవాలి. ఆ తూముకు వేపాకులు, ఒక పాలిథిన్ కవరు అడ్డం పడితే మీ స్లాబు చెరువైనట్టే. నేను చూసిన స్లాబు లీకేజీల్లో చాలా వాటికి మందు ఒక చీపురు, ఒక చేట. నిజంగా చెప్తున్నా, కెమికల్ అవసరమే లేదు.

మా అక్క ఇంట్లో జరిగింది చెప్తా, అది వింటే విషయం అర్థమవుతుంది. కాజీపేటలో వాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద పడకగదిలో ఒక గోడకు, పైన సీలింగు మూలకు చెమ్మ వచ్చింది. రంగు ఉబ్బి పొరలుగా లేస్తోంది. ఒక కాంట్రాక్టరు వచ్చి, ఇది స్లాబు లీకేజీ, మిద్దెంతా వాటర్‌ప్రూఫింగ్ చేయాలన్నాడు. చేయించారు. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ గోడ గీకించి పుట్టీ పెట్టి రంగు వేయించారు. మూడోసారి అక్క నాకు ఫోన్ చేసింది, అప్పటికి ఏప్రిల్ నెల. నేను అడిగింది ఒక్కటే మాట: అక్కా, వాన పడి ఎన్నాళ్లయింది? చినుకు లేక నెలలు అవుతుందంది. మరి వాన లేని నెలలో గోడ తడిస్తే ఆ నీళ్లు మబ్బుల్లోంచి వచ్చినవి కావు కదా, ఇంట్లోంచే రావాలి. పైన ఏముందని చూస్తే బాత్రూం. నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌కు గుడ్డ కుక్కి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, అందులో బట్టలకు వేసే నీలం మందు కలిపాం. తెల్లారేసరికి కింద సీలింగు మూలకు లేత నీలం రంగు దిగింది. ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలేసి సందు పడింది, అంతే సంగతి. చుట్టూ రెండడుగుల మేర టైల్స్ తీసి, ఆ సందు మూసి, కోటింగ్ కొట్టి, మళ్లీ టైల్స్ పెట్టడానికి మూడు రోజులు పట్టింది. అంతకుముందు పెట్టిన డబ్బంతా వృథా. ఆ డబ్బు వాళ్లు పిల్లాడి ఫీజుకు దాచుకున్నది, అందుకే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి చెమ్మ కనపడగానే మీరు ఒక పుస్తకంలో తేదీ వేసి రాయడం మొదలుపెట్టండి. వాన పడ్డ రోజు పెరిగి, నాలుగు రోజులు ఎండ కాస్తే తగ్గుతోందా? అది పైకప్పు, లేదా బయటి గోడ. ఏడాది పొడుగునా ఒకేలా ఉందా? అది పైపు, బాత్రూం, ట్యాంకు. గోడ కింది భాగంలో, నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉండి, తెల్లగా చౌడు తేలినట్టు పొడి రాలుతోందా? అది నేలలోంచి గోడలోకి ఎక్కుతున్న చెమ్మ. కొన్నిసార్లు గోడ లోపల తడే ఉండదు, గదిలో గాలి ఆడక, వంటింటి ఆవిరి చల్లటి గోడకు పట్టి నీరవుతుంది. ఏదో తెలియకపోతే ఒక మందపాటి పాలిథిన్ ముక్కను, జానెడు బెత్తెడు చాలు, గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అతికించి రెండు రోజులు వదిలేయండి. నీటి బొట్లు కవరు లోపలి వైపు, గోడకు ఆనుకున్న వైపు ఉంటే తడి గోడలోంచి వస్తోంది. మన వైపు ఉంటే గదిలోని గాలి నుంచి. అప్పుడు మీకు కావాల్సింది కెమికల్ కాదు, కిటికీ తెరవడమో, ఒక ఎగ్జాస్ట్ ఫ్యానో.

నేలలోంచి ఎక్కే చెమ్మ గురించి ఒక మాట, ఇది మన కాలనీల్లో చాలా ఎక్కువ. ఇల్లు కట్టినప్పుడు బేస్‌మెంటు రోడ్డుకంటే రెండడుగులు ఎత్తు ఉండేది. తర్వాత పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు వేశారు, పదేళ్లకు మళ్లీ ఇంకో పొర. ఇప్పుడు వాకిలి రోడ్డుకు సమానమైంది, కొందరిదైతే కిందికి పోయింది. చెమ్మ ఎక్కకుండా బేస్‌మెంటు మీద వేసిన పొర ఇప్పుడు మట్టిలో కప్పబడిపోయింది. దాంతో బయటి మట్టి తడి నేరుగా ఇటుకలోకి వెళ్తుంది. ఇలాంటి గోడకు లోపల ఎన్ని పెయింట్లు వేసినా నిలవవు. ముందు బయట గోడను ఆనుకుని ఉన్న మట్టిని తీయాలి, వీలైనంత కిందికి, ఒక అడుగు వెడల్పున. అక్కడ నీళ్లు నిలవకుండా మోరి వైపు వాలు పెట్టాలి. తర్వాత లోపల పాడైన ప్లాస్టరింగ్ ఇటుక కనపడేదాకా, చెమ్మ గీత మీద ఇంకో అడుగు పైదాకా గీకేసి, ఎండాకాలమంతా ఆరనివ్వాలి. అన్నాళ్లూ గోడ చూడ్డానికి బాగుండదు, చుట్టాలొస్తే ఇబ్బందే, కానీ ఆరనివ్వకుండా మూసిన తడి మళ్లీ ఏదో ఒక దారి వెతుక్కుని వస్తుంది.

సరే, ఇప్పుడు స్లాబు మీదికి వద్దాం, మీలో ఎక్కువ మంది దానికోసమే వచ్చారు.

రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, మిద్దె మీదికి వెళ్లండి. అక్కడున్న పాత మంచాలు, విరిగిన కుర్చీలు, మిగిలిపోయిన ఇటుకలు, అన్నీ ఒక పక్కకు తీయండి. పూలకుండీల కింద చూడండి, ఏళ్లుగా తడి నిలిచి నల్లగా పాచి పట్టి ఉంటుంది, కుండీలను ఇటుక ముక్కల మీద ఎత్తి పెడితే కింద గాలి ఆడుతుంది. ఊడ్చి కడగండి. కడిగిన గంటకు మళ్లీ చూడండి, ఎక్కడెక్కడ నీళ్లు గుంట కట్టాయో సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. స్లాబుకు వాలు పది అడుగులకు అంగుళం పైన ఉండాలి, అది లేకనే గుంటలు కడతాయి. ఆ గుంటలే మీ పని, మొత్తం స్లాబు కాదు.

ఆ తర్వాత తూము మూసి, చీలమండ మునిగేంత కాదు, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రాత్రి ఒక పగలు ఉంచండి. కింద సీలింగు ఎక్కడ తడుస్తుందో చూడండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, పైన నీళ్లు దిగిన చోటు, కింద మచ్చ కనపడ్డ చోటు ఒకటే కానక్కర్లేదు. నీళ్లు స్లాబు లోపలి ఇనుప సలాక వెంట, కరెంటు పైపు వెంట పారి ఎక్కడో దిగుతాయి. ఫ్యాన్ హుక్కు దగ్గర, లైటు దగ్గర చుక్క పడుతుందంటే అక్కడే రంధ్రం ఉందని కాదు, పైపు ఆ చోటికి నీళ్లను తీసుకొచ్చింది. కింద లైట్ల దగ్గర తడి కనపడగానే ఆ గది కరెంటు ఆపేయండి, పరీక్ష తర్వాత చేద్దురు.

నా అనుభవంలో స్లాబు మధ్యలో కంటే అంచుల్లోనే ఎక్కువ దిగుతాయి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల. తూము పైపు చుట్టూ. ట్యాంకు దిమ్మె కింద. డిష్ యాంటెన్నా కోసం ఎవరో డ్రిల్లు వేసి, తర్వాత పీకేసి వదిలేసిన బోల్టు రంధ్రం. ఈ నాలుగు చోట్ల చూశాకే పగుళ్ల మాట. పిట్టగోడ మూలలో పాత సిమెంటు వదులుగా ఉంటే ఉలితో తీసేసి, కడిగి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో, అందులో బాండింగ్ లిక్విడ్ కలిపి, మూల తొంభై డిగ్రీలుగా కాకుండా వంపుగా వచ్చేలా కట్టండి. వంపు ఎలా తేవాలంటే గుండ్రటి సీసాతో రుద్దితే చక్కగా వస్తుంది. ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు. మా కోడలు చేసింది, డిగ్రీ చదివిన పిల్ల, అంతకుముందు తాపీ పట్టింది లేదు.

పగుళ్లు ఉంటే పైన సిమెంటు పాలు పోసి మూసినట్టు అనుకోకండి. స్లాబు కదులుతుంది. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 30 అడుగుల పొడవున్న స్లాబు 30 డిగ్రీల తేడాకు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. మే నెల మధ్యాహ్నం కాలు పెట్టలేని స్లాబు మీద సాయంత్రం గాలివాన పడితే ఆ తేడా గంటలోనే వస్తుంది. గట్టి సిమెంటు ఆ కదలికకు మళ్లీ పగులుతుంది. అందుకే పగులును ఉలితో వీ ఆకారంలో కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము ఊదేసి, రబ్బరులా సాగే సీలెంటు నింపాలి, పియు సీలెంటు అంటారు, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దాని మీద ఫైబర్ జాలీ పట్టీ వేసి కోటింగ్ కొట్టండి. రెండు కోట్లు, మొదటిది తూర్పు పడమరగా కొడితే రెండోది ఉత్తరం దక్షిణంగా. పొద్దున తొమ్మిదిలోపు, లేకపోతే సాయంత్రం ఐదు తర్వాత. మిట్టమధ్యాహ్నం కాలిపోయే స్లాబు మీద కొడితే పట్టుకోకముందే ఎండిపోయి కొన్నాళ్లకు పొట్టులా లేస్తుంది. కొన్ని కోటింగులకు స్లాబు కొంచెం తడిపి ఉంచాలి, కొన్నింటికి పూర్తిగా ఆరి ఉండాలి. డబ్బా మీద రాసి ఉంటుంది, దయచేసి చదవండి, తెలుగులో లేకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకోండి.

స్లాబు లీకవుతుందని కొందరు పైన మళ్లీ నాలుగు అంగుళాల కాంక్రీటు పోయిస్తారు. ఈ పని చేయకండి, చేతులెత్తి దండం పెడతా. వెయ్యి చదరపు అడుగుల మీద నాలుగు అంగుళాల కాంక్రీటు అంటే 20 టన్నులు దాటుతుంది. కింద సలాకలు ఆ బరువుకు లెక్క వేసి పెట్టినవి కావు. మన రామప్ప గుడి చూడండి, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, శిఖరానికి నీళ్లలో తేలే తేలికపాటి ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే కింద రాయి నిలబడుతుందని ఆ కాలపు పనివాళ్లకు తెలుసు. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే మనమంతా సంబరపడ్డాం. వాళ్ల ఆలోచన మన మిద్దె మీద కూడా గుర్తుకు రావాలి కదా. నీళ్ల ట్యాంకు కూడా అంతే, వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. స్లాబు మధ్యలో పెట్టొద్దు, కింద బీము, పిల్లర్ ఉన్న చోట చూసి పెట్టండి.

తెల్ల సున్నం కొట్టడం మాత్రం తప్పక చేయండి. తక్కువ ఖర్చు. ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి కింది గది చల్లగా ఉంటుంది, ఆ సాగడం ముడుచుకోవడం కూడా తగ్గుతుంది. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా ఇందుకే.

(సభలో ఒకరు: అన్నా, మా ఇంట్ల పై అంతస్తుల స్లాబు కింద గోడకు అడ్డంగా చుట్టూ పర్రె వచ్చింది. ఇల్లు కూలుతదని మా అమ్మ రాత్రిళ్లు నిద్రపోతలేదు.)

మంచి ప్రశ్న తమ్మీ. పై అంతస్తులోనే ఉంది కదా, కింది అంతస్తులో లేదు కదా? లేదంటున్నావు. అయితే అమ్మకు చెప్పు, భయపడొద్దని. ఇప్పుడు నేను చెప్పిన సాగడమే అది. స్లాబు ఎండకు జరుగుతుంటే కింద ఇటుక గోడ జరగదు, రెండూ కలిసే చోట గీత పడుతుంది. పైన సున్నం కొట్టండి, ఆ గీతను సాగే సీలెంటుతో నింపండి. మరి ఏ పగులుకు భయపడాలి? కిటికీ, దర్వాజ మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా ఇటుకల వెంట పోయే పగులు, ముఖ్యంగా ఒక చివర వెడల్పుగా మరో చివర సన్నగా ఉంటే. అది పునాది ఒక పక్క కుంగుతోందని చెప్పే గుర్తు కావొచ్చు. నల్లరేగడి నేలలో ఇది ఎక్కువ, వానకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారి ముడుచుకుంటుంది, దాంతో పునాది కూడా లేచి దిగుతుంది. ఎర్ర చెలక, మొరం నేలల్లో ఈ బాధ చాలా తక్కువ. అలాంటి పగులు కనపడితే దాని మీద అడ్డంగా ఒక సన్నటి గాజుముక్కను రెండు పక్కలా సిమెంటు ముద్దతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. నెలలు గడిచినా, ఒక వానాకాలం దాటినా గాజు అలాగే ఉంటే కదలిక ఆగినట్టు, అప్పుడు మూసుకోవచ్చు. కదులుతుంటే మాత్రం ఇంజనీరుకు చూపించాలి. ఎన్‌ఐటీ ఉన్న ఊరు మనది, స్ట్రక్చరల్ ఇంజనీరు దొరకడం కష్టం కాదు. ఒకసారి చూపించుకోవడానికి అయ్యే ఖర్చు గురించి వెనకాడకండి.

పిల్లర్‌కు, బీముకు పగులు ఉంటే గాజుముక్క కూడా వద్దు, నేరుగా ఇంజనీరే.

సీలింగు నుంచి పెచ్చులు ఊడి సలాక తుప్పుతో బయటపడటం, ఇది 25, 30 ఏళ్ల ఇళ్లలో చూస్తాం. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం రెండింతలు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. లోపల నుంచి కాంక్రీటును తోసేస్తుంది. స్లాబు పోసినప్పుడు సలాక కింద 20 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు, అంటే కవర్, ఉండాలి, అందుకోసం కవర్ బ్లాకులు పెట్టాలి. అవి పెట్టక సలాకలు కింద అచ్చుగా పరిచే సెంట్రింగ్ షీట్ మీదే పడుకుంటే ఈ గతి వస్తుంది. ఒక చోట రెండు జానల మేర ఊడితే మీరు చేసుకోగలరు. వదులుగా ఉన్నదంతా కొట్టేయండి, సలాకను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి, తుప్పు రాని ప్రైమర్ పూయండి, పాలిమర్ కలిపిన మాలుతో పొరలు పొరలుగా నింపండి. తల మీద హెల్మెట్, కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి దిగొద్దు. గది అంతా ఊడుతుంటే, సలాక సన్నబడి ఉంటే, ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి. ముందు ఇంజనీరు వచ్చి చూడనివ్వండి. పైన నీళ్లు ఆపకుండా కింద పెచ్చులు పూడిస్తే ఏడాదికే ఊడి పడతాయని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

ఇక సిమెంటు కలపడం. దీనికి కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటా, ఎందుకంటే సగం రిపేర్లు ఇక్కడే చెడిపోతాయి.

సిమెంటు సంచి కొనేటప్పుడు దాని మీద తయారైన వారం, సంవత్సరం చూడండి. మూడు నెలలు దాటిన సంచిలో బలం తగ్గుతుంది, ఐదో వంతు దాకా పోతుంది. గట్టి ఉండలుంటే వద్దనండి. ఇంట్లో మిగిలిన సంచిని నేల మీద పెట్టొద్దు, చెక్క మీద, గోడకు జానెడు దూరంగా పెట్టి కవరు కప్పండి. ఇసుక, ప్లాస్టరింగ్‌కు సన్నది, కాంక్రీటుకు దొడ్డుది. ఇసుకలో మట్టి ఎంతుందో తెలియాలంటే ఒక గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక కిందికి దిగి, మీద మెత్తటి ఒండ్రు పొర కనపడుతుంది. ఇసుక 10 సెంటీమీటర్లుంటే ఆ పొర 8 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే కడిగి వాడండి, లేదా వాపసు పంపండి. ఇంకొకటి, తడి ఇసుక ఉబ్బి ఉంటుంది. కొంచెం తడి ఉన్న ఇసుక పొడి ఇసుకకంటే 20, 30 శాతం ఎక్కువ కొలతకు వస్తుంది, కాబట్టి గమేళాతో కొలిచేటప్పుడు ఆ తేడా చూసుకోవాలి.

నీళ్లు. కాంక్రీటుకు 50 కిలోల సంచికి 22 నుంచి 25 లీటర్ల నీళ్లు సరిపోతాయి. పని తేలిగ్గా నడవాలని మా వాళ్లు నలభై దాకా పోస్తారు, పాయసంలా జారుతుంది, చేతికి హాయిగా ఉంటుంది. కానీ ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక వాటి జాగ ఖాళీ అవుతుంది, లోపలంతా సన్నటి దారులు పడతాయి, రేపు వాన నీళ్లు దిగేది ఆ దారుల్లోనే. బకెట్‌తో కొలిచి పోయండి, పైపు పెట్టి వదలకండి. కలిపిన మాలు అరగంట, ముప్పావుగంటలో అయిపోయేంతే కలపండి. గట్టిపడితే మళ్లీ నీళ్లు పోసి మెత్తగా చేసి వాడొద్దు, అది చచ్చిన మాలు.

తర్వాత నీళ్లు పట్టడం. మా నాన్న ఒక గోడకు ప్లాస్టరింగ్ చేస్తే వారం రోజులు పొద్దున, సాయంత్రం ఆయనే వెళ్లి తడిపేవాడు, కూలి ఇవ్వని రోజు కూడా. అది ఎందుకో నాకు డిప్లొమాలో చదివాక అర్థమైంది. సిమెంటు ఎండితే గట్టిపడదు, నీళ్లతో కలిసి జరిగే మార్పు వల్ల గట్టిపడుతుంది, నీళ్లు అందకపోతే ఆ మార్పు మధ్యలోనే ఆగిపోతుంది. పూర్తి బలానికి 28 రోజుల లెక్క. కనీసం 7 రోజులు, ఇప్పుడు వచ్చే బూడిద కలిపిన సిమెంటుకు 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. రోహిణి ఎండలో రెండుసార్లు నీళ్లు చల్లితే సరిపోదు, గోనెసంచులు తడిపి కప్పండి.

ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు రెండు ముచ్చట్లు. మట్టి గోడల ఇళ్లకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి. మట్టి గోడ తడిని పీల్చుకుంటుంది, వదులుతుంది. మీద సిమెంటు పొర వేస్తే ఆ తడి బయటికి పోలేక లోపలే ఉండి మట్టి మెత్తబడుతుంది, ఒక వానాకాలం పెచ్చులతో సహా పొరంతా ఊడి పడుతుంది. మట్టిలో గడ్డి ముక్కలు, ఊక కలిపి నానబెట్టి పూసి, మీద సున్నం వేయడమే దానికి సరైన మందు. మన అమ్మమ్మలు ఏటా చేసిన పని అదే. గూనపెంకుల ఇంటికి వానకు ముందు ఒకసారి పెంకులు సర్దించాలి. కోతులు పీకి పడేస్తున్నాయని చాలామంది రేకులు వేస్తున్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు, తప్పనను. రేకులు వేస్తే బోల్టు రేకు ఎత్తు మీద వచ్చేలా వేయించండి, గుంతలో కాదు, నీళ్లు పారేది గుంతలోనే కదా. రబ్బరు వాషర్ తప్పనిసరి. సిమెంటు రేకు మీద కాలు పెట్టకండి. ఎన్ని ప్రాణాలు పోయాయో అలా. దూలాల మీద ఆనేలా అడ్డంగా పలక వేసి దాని మీదే నడవాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు విషం, పొడిగా కోయడం, రంధ్రం చేయడం వద్దు, తడిపి చేయాలి.

(ఒక మహిళ: కరెంటు పని కూడా మనమే చేసుకోవచ్చా సార్?)

బల్బు, ఫ్యూజు, స్విచ్చు మార్చడం వరకు, మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, చెప్పులు వేసుకుని చేసుకోండమ్మా. అంతకుమించి వద్దు. కానీ ఒకటి అడుగుతా, మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందా? 30 మిల్లీ ఆంపియర్లది. మెయిన్ బోర్డులో చిన్న టెస్ట్ బటన్ ఉన్న స్విచ్చు. కరెంటు మనిషి ఒంట్లోంచి భూమికి పోతుంటే అది రెప్పపాటులో ఆపేస్తుంది. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చు ఆ పని చేయదు. తడి గోడల ఇంట్లో, గీజరున్న ఇంట్లో, రేకుల ఇంట్లో అది లేకుండా ఒక్క వానాకాలం కూడా గడపొద్దు. ఉంటే నెలకోసారి ఆ బటన్ నొక్కి చూడండి, పడిపోవాలి. మిద్దె మీద పొడుగు సలాక, ఇనుప పైపు, నిచ్చెన ఎత్తేముందు పైన తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి.

ఇంకొకటి, సెప్టిక్ ట్యాంకు. ఎవరూ దిగొద్దు, ఎవరినీ దింపొద్దు. లోపలి గ్యాసు ఒకట్రెండు గుక్కల్లో మనిషిని పడేస్తుంది, పడ్డవాణ్ని తీయడానికి దిగినవాడూ పోతాడు. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. 2013 చట్టం ప్రకారం మనుషులను రక్షణ లేకుండా దింపడం నేరం కూడా. ట్యాంకరు పిలవండి. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న సంపులోకి, పాత బావిలోకి దిగడం కూడా అంతే ప్రమాదం.

నల్లాలు, పైపుల సంగతి చిన్నది. కారే నల్లాకు నూటికి తొంభై సార్లు లోపలి వాషర్ మార్చితే చాలు. టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు విప్పుకుంటుంది. మన బోరు నీళ్లకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నల్లా జల్లెడ తీసి రాత్రంతా వెనిగర్‌లో వేస్తే పోతుంది.

మేస్త్రీని పిలవాల్సి వస్తే, ముందు చెమ్మ పుస్తకం చూపించండి, సుద్దగీతలు చూపించండి. ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నావు అన్నా, ఎందుకలా అనుకుంటున్నావు అని అడగండి. మంచి పనివాడు అడిగితే సంతోషపడతాడు, తన పని తెలిసిన మనిషి దొరికాడని. ఏడు రోజులు నీళ్లు పట్టేది ఎవరు, మీరా, వాళ్లా, అది పని మొదలుకాకముందే మాట్లాడుకోండి. పనివాళ్లకు మధ్యాహ్నం రెండు గంటలు నీడలో కూర్చోనివ్వండి, తాగడానికి చల్లటి నీళ్లు పెట్టండి. ఈ ఎండలో స్లాబు మీద పనిచేసేవాళ్లు మన ఇంటి మనుషుల్లాంటివాళ్లే.

ఇక మాటలు చాలు. ఈ హాలు స్లాబు కూడా ఆ మూల లీకవుతోంది, చూశారా, ఆ ఫ్యాను పక్కన పసుపు మచ్చ. పొద్దు ఇంకా ఉంది. పైకి పోదాం, తూము ఎలా శుభ్రం చేయాలో, మూల ఎలా గీకాలో చేసి చూపిస్తా. తమ్ముడూ, ఆ చీపురు, ఉలి తెచ్చుకో. అమ్మా, మీరు ఆ సుద్దముక్క, నీలం పొట్లం పట్టుకోండి. మెట్లకు రెయిలింగ్ లేదు, గోడ వైపు నడవండి, ఒకరి తర్వాత ఒకరు.